చచ్చినోళ్ళు తిరిగి పోట్లాడని సినిమా

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన హియరాఫ్టర్ చూశాను, మాట్ డేమన్ ఉన్నాడు కదా అని. మా అన్న పోయి ఇంకా ఏడాది కాలేదు, ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నాను, రెండు గంటలు కూర్చుని ఖాళీ చేతుల్తో లేచాను. లోపం సినిమాలోనా నాలోనా? ఇంకోటి, పోయినోళ్ళని పిలిచి మాట్లాడిస్తాడని ఒకాయన దగ్గరికి మా అమ్మని తీసుకెళ్తామంటున్నారు చుట్టాలు, ఐదు వేలట. వెళ్ళనివ్వాలా?"

తమ్ముడూ, అన్న సంగతి విని మనసంతా ఎలాగో అయిపోయింది. లోపం నీలో లేదు, అది ముందే చెప్పీస్తున్నాను. రెండో ప్రశ్నకి జవాబు చివర్లో చెప్తాను, ఎందుకంటే మొదటిది సరిగ్గా తేలితే రెండోది సగం తేలిపోతుంది.

నాది ఒడిశాలోని పర్లాకిమిడి. ముప్పై రెండేళ్ళు కొండ మీద స్కూళ్ళలో పంతులుగా చేసి రిటైరయ్యాను, నౌకరీలో చేరినప్పుడు అది ఇంకా గంజాం జిల్లాయే, గజపతి జిల్లా అయింది 1992 అక్టోబర్లో. గుమ్మ వైపు, సెరంగో వైపు సవర గిరిజనుల ఊళ్ళలోనే నా సర్వీసు చాలా భాగం గడిచింది కాబట్టి చచ్చినోళ్ళతో మాట్లాడే వ్యవహారం సినిమాలో కాదు, ఎదురుగా చాప మీద కూర్చుని చూసినవాణ్ణి. నమ్ముతావా అని అడక్కు, దానికి తర్వాత వస్తాను. సినిమాల పిచ్చి అంటావా, అది ఎలాగూ ఉంది, ఆదివారం వస్తే బరంపురం బస్సెక్కి రెండు ఆటలు చూసి రాత్రికి తిరిగొచ్చే రకం.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్పీస్తాను. 2010లో వచ్చింది, రాసింది పీటర్ మోర్గాన్, మూడు దారుల కథ. శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జ్ అని ఒకడు, అవతలి మనిషి చేతులు పట్టుకుంటే చాలు వాళ్ళ తాలూకు చచ్చినోళ్ళు కనిపిస్తారు, వాడికి అది వరం కాదు శాపం, అందుకే ఆ పని మానేసి ఫ్యాక్టరీలో కూలికి పోతుంటాడు. పారిస్‌లో మరీ అని టీవీ జర్నలిస్టు, 2004 డిసెంబరు సునామీలో కొట్టుకుపోయి కాసేపు చచ్చి బతికింది, ఏదో చూసింది, ఆ చూసిందేంటో తెలుసుకోడానికి ఉద్యోగం పోగొట్టుకుంటుంది. లండన్‌లో మార్కస్ అని పదకొండు పన్నెండేళ్ళ గుంటడు, కవల అన్న వ్యాను గుద్ది చచ్చిపోతే అన్న టోపీ నెత్తిన పెట్టుకుని చచ్చినోళ్ళతో మాట్లాడిస్తామనే మీడియంల చుట్టూ ఊరంతా తిరుగుతాడు. ముగ్గురూ చివర్లో లండన్‌లో కలుస్తారు. 129 నిమిషాలు.

మొదటి పది నిమిషాలు మాత్రం ఎవడూ వంక పెట్టలేడు. ఆ నీళ్ళు రోడ్డు మీదకొచ్చి కార్లనీ మనుషుల్నీ కలిపి రుబ్బుతూ పోవడం చూస్తుంటే నాకు ఊపిరాడలేదు, హవాయిలో మావీ దీవిలో తీశారట, ఆ గ్రాఫిక్స్‌కి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. నేను డీవీడీలో చూసింది 2011లో. రెండేళ్ళు తిరక్కుండా 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి మేము తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సీనే. జపాన్‌లో అయితే 2011 మార్చిలో నిజం సునామీ రాగానే ఈ సినిమాని హాళ్ళ నుంచి తీసేశారు. అంత బలంగా మొదలెట్టిన మనిషి తర్వాత రెండు గంటలు చల్లారిపోయిన టీ తాగించాడు, నాకు కోపం వచ్చింది అందుకే, చేతకానివాడైతే వదిలేసేవాణ్ణి.

జనం సాధారణంగా చెప్పే వంకలున్నాయి, స్లోగా ఉంది, మూడు కథలూ అతకలేదు, చివర్లో లవ్ స్టోరీ అయిపోయింది అని. అవన్నీ నిజమే గానీ అవి జబ్బు లక్షణాలు, అసలు జబ్బు కాదు. స్లో సినిమా అయితే ఏటి, మనకి బోల్డు ఉన్నాయి మంచివి. నా లెక్కలో అసలు జబ్బు ఒకటే, ఈ సినిమాలో చచ్చినోళ్ళకి చెప్పడానికేమీ లేదు. వాళ్ళు రావడం, "నేను బాగున్నాను, నువ్వు బాగుండు, బెంగెట్టుకోకు" అనడం, వెళ్ళిపోవడం. పెళ్ళి ఫోటోకి ఫోజిచ్చినట్టు వచ్చి నిలబడి పోతారు. ఒక్కడు కూడా "నువ్వు నాకు అన్యాయం చేశావు" అనడు, ఒక్కడు కూడా "నా బాకీ సంగతేంటి" అనడు. బతికినోళ్ళయినా ఎదురు అడగరు. వచ్చిన ప్రతివాడూ ఒక్కసారే వస్తాడు, రెండోసారి రాడు. ఇద్దరి మధ్య తగవు లేకపోతే డ్రామా ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పు, అది సంతాప సభ అవుతుంది.

దీనికి సాక్ష్యం ఆ సినిమాలోనే ఉంది. వంట క్లాసులో జార్జ్‌కి మెలనీ అనే అమ్మాయి పరిచయమవుతుంది, కళ్ళకి గంతలు కట్టి ఒకరికొకరు రుచులు తినిపించుకునే సీను, సినిమా మొత్తంలో వేడి ఉన్న సీను అదొక్కటే అనుకో. తర్వాత ఇంటికొచ్చి ఆ అమ్మాయి పట్టుబట్టి తన రీడింగు చెప్పించుకుంటుంది, వాడు వద్దు వద్దంటూనే చెప్తాడు, చచ్చిపోయిన వాళ్ళ నాన్న వస్తాడు, చిన్నప్పుడు నీకు చేసినదానికి క్షమించు అంటాడు. ఏం చేశాడో నోరు విప్పి చెప్పరు, మనకి అర్థమవుతుంది, ఆ అమ్మాయి ముఖం పాలిపోతుంది, ఏడుపు ఆపుకుని వెళ్ళిపోతుంది. చూడు, అక్కడొక బాకీ ఉంది, చచ్చినోడికీ బతికినదానికీ మధ్య నిప్పులాంటి విషయం ఉంది. ఆ అమ్మాయి మర్నాడు వచ్చి "నేను క్షమించనని వాడితో చెప్పు" అని ఉంటే? లేదా "ఇంకోసారి పిలువు, నేను అడగాల్సింది ఉంది" అని ఉంటే? ఆ సినిమా నేను రాత్రంతా కూర్చుని చూసేవాణ్ణి. వీళ్ళేం చేశారు, ఆ అమ్మాయిని కథలోంచే పంపించీశారు, మళ్ళీ కనిపించదు. చేతికి దొరికిన చేపని నీళ్ళలో వదిలేసి గేలం పట్టుకుని కూర్చున్నట్టు.

మన దగ్గర సోదెమ్మకున్న పాటి తెలివి హాలీవుడ్‌కి లేకపోయింది అనిపిస్తుంది నాకు. నా చిన్నప్పుడు ఎరుకలామె వచ్చేది, చంకలో బుట్ట, చేతిలో బెత్తం, "సోది చెప్తానమ్మా సోది" అని వీధి మొదట్లోనే వినబడేది, మా నానమ్మ చేటలో బియ్యం పోసి కూర్చోబెట్టేది. ఒకసారి మా తాత పలికాడు ఆమె నోట్లోంచి. మంచి మాటేమీ కాదు, "నా ఉంగరం ఏదిరా" అన్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. మా పెదనాన్న మెల్లిగా లేచి గుమ్మం వైపు జరుగుతున్నాడు, మా నానమ్మ పట్టుకుంది, ఉంగరం తాకట్టులో ఉందని తేలింది, ఆ వారమంతా మా ఇంట్లో పొయ్యి రాజుకోలేదు, పెద్దమ్మ పుట్టింటికి పోయింది. సోదికి పోతే పాత రంకు బయటపడిందని సామెత ఊరికే రాలేదు. ఆ ఎరుకలామెకి ఉంగరం సంగతి ఎలా తెలుసో నాకు పెద్దయ్యాక అర్థమైంది, ఆమె మా ఇంటికి రాకముందు పక్కింట్లో గంట కూర్చుంది. అయినా చూడు, చచ్చినోడు వచ్చాడంటే ఇంట్లో ఎవరో ఒకరికి కాళ్ళు వణకాలి. ఆ లెక్క ఆమెకి తెలుసు.

ఇప్పుడు సవరల సంగతి. ఇది నాకు ఇష్టమైన విషయం, కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టు.

సవరల్లో పూనకం మనిషిని కుడాన్ అంటారు, ఎక్కువగా ఆడవాళ్ళే. కాళ్ళు బారజాపి కూర్చుంటుంది, పాట అందుకుంటుంది, కాసేపటికి ఒళ్ళు కర్రలా బిగుసుకుపోతుంది, పక్కనున్నవాళ్ళు చేతులూ మోకాళ్ళూ పట్టి వంచి సర్దుతారు, అంటే ఆమె ప్రాణం కిందికి దిగిపోయింది, ఇప్పుడు ఆ నోరు చచ్చినోళ్ళది. చచ్చి మళ్ళీ వచ్చినవాళ్ళని సొనుం అంటారు. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, రాగానే కల్లు అడుగుతారు, జీలుగు కల్లు. చుట్టూ కూర్చున్న జనం వాళ్ళతో మామూలుగా మనం గుమ్మంలో కూర్చుని మాట్లాడుకున్నట్టే మాట్లాడతారు. భక్తి లేదు, దణ్ణాలు లేవు. తిడతారు, నవ్వుతారు, ఏడుస్తారు, బేరాలాడతారు.

నేను చేరిన కొత్తలో, నాకు సవర భాష అప్పటికి అంతంత మాత్రం, మా స్కూల్లో చదివే గుంటడి నాన్న జీలుగు చెట్టు మీంచి పడి చచ్చిపోయాడు. కొన్నాళ్ళకి కుడాన్ని కూర్చోబెట్టారు, నన్ను కూడా రమ్మన్నారు. ఆ తండ్రి వచ్చాడు, వస్తూనే కల్లు తాగాడు, పెళ్ళాంతో "నా గొడ్డలి ఎవరికిచ్చావు" అన్నాడు. ఆవిడ కూడా తగ్గలేదు, "నీ అప్పుకి ఇచ్చాను, నువ్వు చచ్చి కూర్చుంటే ఆ అప్పు ఎవడు తీరుస్తాడు" అంది, అందరూ పగలబడి నవ్వారు. నేను బిత్తరపోయాను, చావింట్లో నవ్వులేంటని. ఆ తర్వాత పెద్ద కొడుకు వంతు వచ్చింది. వాడు అన్నాడు, "ఆ రోజు వాన పడింది, చెట్టు జారుతుంది ఎక్కొద్దని చెప్పాను కదా". తండ్రి అన్నాడు, "నువ్వు ఎక్కాల్సిన చెట్టు అది. నువ్వు సంతకి పోయావు". అంతే, ఆ కుర్రాడు తల వంచుకుని ఏడ్చాడు చూడు, మూడు నెలలుగా ఊళ్ళో ఎవడూ అనని మాట అది, అందరి మనసులోనూ ఉన్న మాట. చచ్చినోడే వచ్చి అనాల్సి వచ్చింది.

ఇక్కడితో అయిపోలేదు. నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ తండ్రి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. రెండోసారి ఇంకా కోపంగానే ఉన్నాడు. రాయి పాతి దున్నపోతుని కోశాక కొంచెం మెత్తబడ్డాడు. మరుసటేడు వచ్చినప్పుడు కొడుకుతో పొలం సంగతులు మాట్లాడాడు, గొడ్డలి ఊసెత్తలేదు. కొత్తగా చచ్చినోడు ప్రమాదకరం, తను ఏ బాధతో పోయాడో అదే బాధ బతికినోళ్ళకి అంటిస్తాడు అని వాళ్ళ నమ్మకం, ఏళ్ళ తరబడి మాట్లాడగా మాట్లాడగా మెల్లగా పెద్దల్లో కలుస్తాడు, తన పేరు ఒక పసిబిడ్డకి ఇస్తాడు, కడపటికి పాతాళంలో కూడా మరోసారి చచ్చి సీతాకోకచిలుకైపోతాడు. ఇంక మాట్లాడడు. మాట్లాడాల్సింది కూడా మిగలదు.

పియర్స్ విటెబ్‌స్కీ అని బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1970ల్లో వచ్చి ఈ కొండల్లోనే ఏళ్ళ తరబడి ఉండి ఈ మాటలన్నీ రికార్డు చేసుకుని 1993లో పుస్తకం వేశాడు, చచ్చినోళ్ళతో సంభాషణలు అనే అర్థం వచ్చే పేరుతోనే. దానికి ముందు 1955లో వెరియర్ ఎల్విన్ అనే ఇంకో పరిశోధకుడు రాశాడు. వీళ్ళందరికన్నా ముందు మన ఊరి గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు, ఆయన పుణ్యమే నాబోటిగాడికి నాలుగు ముక్కలు రావడం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసిపోతే ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. సరే అది వేరే కథ, మొదలెడితే ఆగను.

ఇప్పుడు కొండ మీద ఇదంతా చాలా తగ్గిపోయింది. సెరంగోలో మిషన్ ఎప్పటి నుంచో ఉంది, కుర్రాళ్ళు చాలామంది బాప్టిస్టులయ్యారు, వాళ్ళు చచ్చినోళ్ళతో మాట్లాడరు. విటెబ్‌స్కీ మళ్ళీ వచ్చి దాని మీద 2017లో ఇంకో పుస్తకం రాశాడు. నేను మంచీ చెడూ చెప్పను, ఆ పాత పద్ధతిలో ఖర్చు ఎక్కువ, దున్నపోతులు కొనలేక అప్పులపాలైన ఇళ్ళు నేను చూశాను.

నమ్ముతావా అంటావా. ఆ కుడాన్ నోట్లోంచి వచ్చింది చచ్చిపోయిన తండ్రే అని నేను అనుకోవడం లేదు. ఆవిడ ఆ ఊరిదే, ఎవరి గొడ్డలి ఎవరి ఇంట్లో ఉందో ఆవిడకి తెలీదా? కానీ ఒక మనిషి పోతే ఇంకా తెగని లెక్కలుంటాయి, అవి పదిమంది ముందు పైకి రావాలి, మెల్లగా తెగాలి అన్న సంగతి ఆ చాప మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఈస్ట్‌వుడ్ సినిమాలో ఆ పదిమంది లేరు. ఒక గది, రెండు కుర్చీలు, ఒకడు చెప్పేవాడు ఇంకొకడు వినేవాడు. డాక్టరు దగ్గర రిపోర్టు తీసుకున్నట్టు.

సవరలదాకా కూడా పోనక్కర్లేదులే. పదో రోజు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం కదా, దాంట్లో ఉన్న డ్రామా చూడు. మా నాన్న పోయినప్పుడు మహేంద్రతనయ ఒడ్డున పిండం పెట్టాం. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగవు. ఎండెక్కుతోంది. మా అన్న అన్నాడు, "చెల్లి పెళ్ళి నేను చేస్తాను నాన్నా" అని, రాలేదు. నేను అన్నాను, "అమ్మని నేను చూసుకుంటాను" అని, రాలేదు. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. చివరికి మా చిన్న తమ్ముడు, నాన్నతో రెండేళ్ళు మాటల్లేవు వాడికి, ఏడుస్తూ "నేను కొట్టు అమ్మను నాన్నా, నువ్వు పెట్టిన కొట్టు అమ్మను" అన్నాడు. ఒక కాకి దిగింది. ఆకలేసి దిగిందని నాకు తెలుసు. అయినా కొట్టు ఇప్పటికీ అక్కడే ఉంది, వాడు అమ్మలేదు.

ఇది చూసినవాడికి జార్జ్ రీడింగులు ఎలా ఆనతాయి చెప్పు.

పారిస్ జర్నలిస్టు మరీ కథ గురించి ఎక్కువ చెప్పను, అది ఇంకా నీరసం. ఆమె ఒక ఆశ్రమం లాంటి ఆస్పత్రికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ ఒక పెట్టెడు ఫైళ్ళు ఇచ్చి ఇవన్నీ రుజువులు అంటుంది, ఆ పెట్టెలో ఏముందో మనకి ఒక్క కాగితం చూపించరు. అసలు విషయమేమో అంత ఆసక్తిగా ఉంటే! గుండె ఆగి బతికిన 344 మందిని నెదర్లాండ్స్‌లో పిమ్ వాన్ లోమెల్ అనే డాక్టరు పరిశీలిస్తే 62 మంది ఏదో ఒక అనుభవం చెప్పారు, 2001లో లాన్సెట్‌లో వచ్చింది, అంటే ఈ సినిమా కన్నా తొమ్మిదేళ్ళ ముందే. మిగతా 282 మందికి ఏమీ ఎందుకు లేదు, అందరి గుండే ఆగింది కదా? ఆ ఒక్క ప్రశ్న ఆ జర్నలిస్టు చేత అడిగించి ఉంటే కథ లేచి కూర్చునేది. తర్వాత శామ్ పర్నియా అనే డాక్టరూ ఆయన మనుషులూ ఇంకో పని చేశారు, ఆస్పత్రి గదుల్లో పైన ఎత్తుగా షెల్ఫులు కొట్టించి వాటి మీద బొమ్మలు పెట్టారు, ప్రాణం నిజంగా పైకి తేలి కిందికి చూస్తే ఆ బొమ్మ కనబడాలి కదా అని. 2014లో ఫలితాలొచ్చాయి, 2060 కేసులు, బొమ్మని చూసి చెప్పినవాడు ఒక్కడూ లేడు. జరిగిన సంగతులు చూశాను, విన్నాను అని కచ్చితంగా చెప్పిన ఒకరున్నారు గానీ ఆ గదిలో షెల్ఫు లేదు. చూశావా, ఎంత కథ ఉందో. మన మరీ మాత్రం పుస్తకం రాసి సంతకాలు పెడుతుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అమెరికాలో పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దీనికి నాలుగుకి నాలుగు స్టార్లు ఇచ్చాడు. అప్పటికే క్యాన్సర్ వల్ల ఆయన గొంతు పోయి నాలుగేళ్ళయింది, చావుని చాలా దగ్గర్నుంచి చూసిన మనిషి, ఆయనకి ఈ సినిమా నెమ్మది నచ్చింది, నాకు ఆయన మీద గౌరవమే. నాకూ ఒకచోట గుండె ఆగింది. చివర్లో జార్జ్ మార్కస్ చేతులు పట్టుకుని అన్నతో మాట్లాడిస్తాడు కదా, టోపీ తీసెయ్ ఇంక అంటాడు అన్న, టోపీ వెతుక్కుంటూ గుంటడు ఎక్కలేకపోయిన రైలు పేలిన రోజు స్టేషన్లో నీ టోపీ పడగొట్టింది నేనే అంటాడు, వెళ్ళిపోతాను అంటాడు. గుంటడు "వెళ్ళకు" అని ఏడుస్తాడు. అప్పుడు జార్జ్ కాసేపు ఆగి, వాడు మళ్ళీ వచ్చాడు, మీరిద్దరూ ఒకటే అంటున్నాడు అని చెప్తాడు. నాకైతే ఆ చివరి మాట జార్జ్ సొంతంగా కల్పించి చెప్పాడనిపించింది, నిజం శక్తులున్నవాడు ఒక పిల్లాడి కోసం మొదటిసారి అబద్ధమాడాడు. అలా అనుకుని చూస్తే అది గొప్ప సీను. అదే గుంటడు అంతకుముందు ఒక్కో దొంగ మీడియం దగ్గరికీ వెళ్ళి మొహం వేలాడేసుకుని వచ్చే సీన్లు కూడా బాగున్నాయి. అన్నట్టు వాటిని అమ్మకి చూపించు, భాష అర్థం కాకపోయినా పరవాలేదు.

ఇప్పుడు ఆ ఐదు వేల ఆయన.

ఆయనెవరో నాకు తెలీదు, ఆయన దొంగ అని నేను చెప్పడం లేదు, ఆ పని ఎలా జరుగుతుందో చెప్తాను. ఒకటి, నీ గురించి ముందే తెలుసుకోవడం. మీ అన్న పెద్దకర్మ కార్డు వేయించారా? అందులో అమ్మ పేరు, నీ పేరు, మేనమామల పేర్లు, ఇంటి గుర్తు అన్నీ ఉంటాయి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారా, ఫోటో తేదీ దాంట్లో ఉంటాయి. ఫ్రెండ్స్ ఫేస్‌బుక్‌లో పెట్టినవి ఉంటాయి, ఎలా పోయాడో, ఎక్కడ పోయాడో. చుట్టాలే ఆయన దగ్గరికి రమ్మంటున్నారంటే వాళ్ళు ఇప్పటికే ఆయనకి సగం చెప్పి ఉంటారు, పాపం మోసం అని తెలీకుండానే. రెండు, ఎవరికైనా అతికే మాటలు. "చెప్పాలనుకున్నది చెప్పకుండా పోయాను అంటున్నాడు", "తల దగ్గర, గుండె దగ్గర ఏదో బరువు", "ఇంట్లో వాడి వస్తువు ఒకటి ఇంకా దాచుకున్నారు". ఏ ఇంట్లో దాచుకోరు? 1948లో ఫోరర్ అని ఒక సైకాలజీ మాస్టారు 39 మంది స్టూడెంట్లకి నీ వ్యక్తిత్వం ఇదీ అని తలా ఒక కాగితం ఇచ్చాడు, ఎంత కరెక్టుగా ఉందో ఐదుకి మార్కులేయండన్నాడు, సగటున నాలుగు పైనే వేశారు, తీరా చూస్తే అందరి కాగితమూ ఒకటే. మూడు, నీ మొహం చదవడం. తప్పు మాట అన్నప్పుడు నువ్వు కదలవు, తగిలినప్పుడు కళ్ళలో నీళ్ళొస్తాయి, ఆయన అటే పోతాడు. ఇంటికొచ్చాక అమ్మకి తగిలినవే గుర్తుంటాయి.

ఒక విషయంలో మాత్రం కచ్చితంగా ఉండు. ఆయన నోట్లోంచి చిల్లంగి అన్న మాట గానీ, ఎవరో చేయించారు అన్న మాట గానీ వచ్చిందా, వెంటనే అమ్మ చెయ్యి పట్టుకుని లేచి వచ్చీ. డబ్బు అడక్కు, వాదించకు, వచ్చీ. మన రెండు వైపులా ఆ మాట మీద ముసలివాళ్ళని కొట్టి చంపిన ఊళ్ళున్నాయి, ఒడిశాలో దీని మీద 2013లో చట్టమే తెచ్చారు. ఐదు వేలు పోతే పోయాయి, ఇది అలాంటిది కాదు.

అలాగని అమ్మని కట్టేసి ఆపకు. కొడుకు పోయిన తల్లికి లాజిక్ చెప్తే వినదు, నువ్వు విలన్‌వి అవుతావు. ఆమెకి వాడితో ఏదో మిగిలింది, ఆ రోజు పొద్దున్న ఏదో అని ఉంటుంది, లేదా అనకుండా ఉండిపోయి ఉంటుంది. ముందు నువ్వు అడుగు. ఎవరూ లేనప్పుడు, వంటింట్లో. నువ్వు కూడా మీ అన్న మీద ఉన్న కోపం చెప్పు, ఉంటుంది కదా, పోయినోళ్ళ మీద అందరికీ ఉంటుంది. ఆ సినిమాలో ఎవరూ చెయ్యని పని అదే.

అయినా వెళ్తానంటే వెళ్ళనీ, పక్కన నువ్వూ కూర్చో. హూడినీ అని ఇంద్రజాలికుడు ఉండేవాడు, దొంగ మీడియంలని పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నాడు, పోయేముందు పెళ్ళాంతో ఒక రహస్యం మాట అనుకున్నాడు, నేను నిజంగా వస్తే ఆ మాట చెప్తాను అని. 1926లో పోయాడు, ఆవిడ పదేళ్ళు ఎదురుచూసి 1936లో ఆఖరి ప్రయత్నం చేసి దీపం ఆర్పీసింది. మీకు అంత ముందుచూపు లేకపోయినా పరవాలేదు, మీ ఇంట్లో ఆ మాట ఇప్పటికే ఉంటుంది. మీ అన్న అమ్మని ఏమని పిలిచేవాడు? కార్డులో ఉండేది కాదు, ఇంట్లో పిలిచేది. అమ్మా అనేవాడా, మా అనేవాడా, పేరు పెట్టి ఏడిపించేవాడా? మనవాళ్ళు బజార్లో ఒడియా ఇంట్లో తెలుగు, అన్న అమ్మతో కోపమొస్తే ఏ భాషలో తిట్టేవాడు? అది చుట్టాలకి చెప్పొద్దు, ఆయన అడిగినా చెప్పొద్దు. ఆయన కళ్ళు మూసుకుని నేను వచ్చాను అన్నాక అమ్మ చేత ఒక్కటే అడిగించు, "నన్ను పిలువురా" అని.

ఏమైందో నాకు రాయి. రాత్రి పదింటి వరకూ మెలకువగానే ఉంటాను.